మీ వయసెంత అని అడగరు, చుట్టూ తిప్పి అడుగుతారు

ముందు నా తప్పు ఒప్పుకుని మొదలుపెడతాను. 9 ఏళ్ళ కిందట స్టోర్స్ హెడ్‌గా ఉన్నప్పుడు అసిస్టెంట్ మేనేజర్ పోస్టుకి ఇంటర్వ్యూలు చేశాను. ఒకాయన రెజ్యూమెలో డిగ్రీ పాసైన సంవత్సరం చూసి మనసులోనే లెక్కేశాను. 51 వచ్చింది. మనిషి బాగా మాట్లాడాడు. గోడౌన్‌లో ఉన్న సరుకుకీ సిస్టమ్‌లో కనిపించే అంకెకీ తేడా ఎక్కడెక్కడ పుడుతుందో నాకంటే వివరంగా చెప్పాడు. అయినా ఫారం మీద "ఓవర్ క్వాలిఫైడ్" అని రాసి పక్కన పెట్టేశాను. అసలు సంగతి అది కాదు. ఈ పెద్దాయన నా మాట వింటాడా అన్నది నా భయం. దాన్ని నేను పైకి అడగలేదు కాబట్టి ఆయన జవాబు చెప్పే అవకాశమూ రాలేదు.

52వ ఏట నా వంతు వచ్చింది. మా డిపార్ట్‌మెంటునే ఎత్తేశారు. ఆ తర్వాత 7 నెలల్లో 11 ఇంటర్వ్యూలకి వెళ్ళాను. ఎదుటి మనిషి కళ్ళు రెజ్యూమె అడుగుకి జారి ఒక్క క్షణం ఆగితే చాలు, లెక్క నడుస్తోందని తెలిసిపోయేది. ఆ లెక్క నేనూ వేసినదాన్నే కదా.

ఇదంతా మన అనుమానం అనుకోకండి. అమెరికాలో డేవిడ్ న్యూమార్క్ అనే ఆర్థికవేత్త, ఆయన సహచరులు 40,000కు పైగా కల్పిత దరఖాస్తులు కంపెనీలకి పంపి, ఎవరికి పిలుపు వస్తోందో చూశారు. 2019లో ఫలితాలు ప్రచురించారు. పదవీ విరమణకి దగ్గరపడిన వయసు ఆడవాళ్ళకి పిలుపులు స్పష్టంగా తగ్గాయి. మగవాళ్ళ విషయంలో ఆధారం అంత గట్టిగా దొరకలేదు. చదివినప్పుడు నాకు కోపం వచ్చింది, కాస్త ఊరట కూడా కలిగింది. తప్పంతా నాలోనే ఉందని అప్పటికి నాలుగు నెలలుగా అనుకుంటున్నాను మరి.

గడప దాటేదాకా

నా రెజ్యూమె 4 పేజీలుండేది. మొదటి వాక్యం "26 ఏళ్ళ సుదీర్ఘ అనుభవం". గర్వంగా రాసుకున్నాను. చదివేవాడికి మాత్రం ముందు కనపడేది నా వయసే. దాన్ని తీసేసి ఇలా రాశాను: "3 గోడౌన్లు, 18,000 ఐటెమ్‌లు. రెండేళ్ళలో స్టాకు తేడాని 2.1 శాతం నుంచి 0.4 శాతానికి తెచ్చాను." గత 15 ఏళ్ళ పని వివరంగా ఉంచి, అంతకు ముందుదంతా రెండు లైన్లకి కుదించాను. ఫాక్స్‌ప్రో అనే పాతకాలం డేటాబేస్ సాఫ్ట్‌వేర్ వచ్చని రాసుకున్న లైను కొట్టేస్తుంటే కాస్త బాధేసింది, ఒకప్పుడు దానివల్లే నాకు ప్రమోషన్ వచ్చింది. డిగ్రీ ఉంచాను, సంవత్సరం తీసేశాను. అది అబద్ధం కాదు. దరఖాస్తు ఫారంలో పుట్టినతేదీ అడిగితే మాత్రం ఉన్నదున్నట్టు రాయాలి. అక్కడ తప్పు రాస్తే ఉద్యోగం వచ్చాక కూడా మెడమీద కత్తే.

జుట్టుకి రంగు వేయాలా అని చాలామంది అడుగుతారు. నేను మొదటి నాలుగింటికి వేసుకున్నాను, తర్వాత మానేశాను. తేడా ఏమీ కనిపించలేదు. మీకు ఎలా హాయిగా ఉంటే అలా వెళ్ళండి. కళ్ళజోడు సంగతి మాత్రం అలా కాదు. మూడో ఇంటర్వ్యూలో ల్యాప్‌టాప్ మీద చిన్న టెస్టు పెట్టారు. దగ్గరి చూపు అద్దాలు బ్యాగులోనే ఉన్నాయి. తీసి పెట్టుకుంటే ముసలిదాన్ని అనుకుంటారేమోనని తీయలేదు. ఫాంటు చిన్నది. ఒక ఐటెమ్ కోడ్‌లో 6ని 8 అని చదివి, లేని తేడా ఉందని ధీమాగా చెప్పాను. ఎదురుగా కూర్చున్నావిడ స్క్రీన్ తనవైపు తిప్పుకుని చూసి, మెల్లగా "అది 6 అండి" అంది. వయసు దాచబోయి పనే రాదనిపించుకున్నాను. అద్దాలు పెట్టుకోండి. స్క్రీన్ జూమ్ చేసుకోండి, ఎవరి పర్మిషనూ అక్కర్లేదు.

ఫోన్‌లో మీ గొంతు మీరే వినండి

అయిదో ఇంటర్వ్యూకి ముందు, "మీ గురించి చెప్పండి" అన్న ప్రశ్నకి నా జవాబు ఫోన్‌లో రికార్డు చేసుకున్నాను. 6 నిమిషాలు వచ్చింది. అందులో "అప్పట్లో" అనే మాట 14 సార్లు ఉంది. లెక్కపెట్టాను. అప్పట్లో కంప్యూటర్లు లేవు, అప్పట్లో అంతా రిజిస్టర్లే, అప్పట్లో మేం రాత్రి పన్నెండు దాకా... మా తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి అన్నట్టే ఉంది వరస. అవతలివాడికి కావలసింది రేపు సోమవారం గోడౌన్ తలుపు తెరిస్తే నేనేం చేస్తానన్నది.

అప్పటినుంచి ఒక కట్టుబాటు పెట్టుకున్నాను. చెప్పే ప్రతి సంఘటనా గత అయిదేళ్ళలోదే అయి ఉండాలి. ఒక్కోటి నిమిషంన్నర దాటకూడదు. పాతది వాళ్ళు అడిగితేనే. రికార్డింగు వినడం చాలా ఇబ్బందిగా ఉంటుంది, అయినా కనీసం మూడుసార్లు చేయండి. మూడోసారికి నాది 2 నిమిషాలకి వచ్చింది, "అప్పట్లో" ఒక్కటే మిగిలింది.

ముసుగు ప్రశ్నలు

వయసు గురించి సూటిగా అడిగేవాళ్ళు తక్కువ. అదంతా వేరే ప్రశ్నల్లో దాక్కుని వస్తుంది. ఒక్కో ప్రశ్న వెనక ఒక్కో భయం ఉంటుంది. పైకి వినిపించిన ప్రశ్నకి జవాబు చెప్పి ఊరుకుంటే భయం అలాగే ఉండిపోతుంది. "అలాంటిదేం లేదండీ" అని మాటిచ్చినా పోదు. జరిగిన సంగతి ఒకటి చెబితే కాస్త కదులుతుంది.

వీటిలో గట్టిది "మా టీమ్ అంతా యంగ్‌గా ఉంటుంది, మీకు ఓకేనా?" అన్నది. రెండో ఇంటర్వ్యూలో ఇది విని నేను నవ్వుతూ, "అయ్యో, నాకు అందరూ పిల్లల్లాంటి వాళ్ళే, కలిసిపోతాను" అన్నాను. ముచ్చటగా చెప్పాననే అనుకున్నాను. అడిగిన కుర్రాడికి ముప్పై లోపే ఉంటాయి. నాకు బాస్ కావలసింది అతనే. బాస్‌ని పట్టుకుని పిల్లాడని అన్నానన్నమాట. అది చాలదన్నట్టు లేచి వస్తూ "సరే నాన్నా, థాంక్యూ" అనేశాను. మా అబ్బాయితో ఫోన్ పెట్టేసేటప్పుడు అనే మాట, అలవాటుగా జారింది. అతను మర్యాదగానే నవ్వాడు. మళ్ళీ ఫోన్ రాలేదు.

ఆ ప్రశ్న అడిగే మనిషి భయం, 9 ఏళ్ళ కిందటి నా భయమే: చెబితే వింటుందా? దానికి నేను తర్వాత తయారుచేసుకున్న జవాబు ఇది. "మా దగ్గర బార్‌కోడ్ స్కానర్లు పెట్టినప్పుడు ప్రాజెక్టు లీడ్‌కి 27 ఏళ్ళు. ఏడాదికోసారి గోడౌన్ మూసి మొత్తం లెక్కపెట్టే పద్ధతి వద్దు, రోజూ కొన్ని కొన్ని ఐటెమ్‌లు లెక్కపెడదాం అంది. పని ఆగిపోతుందని నేను వాదించాను. రెండు వారాలు చూద్దామంది, సరేనన్నాను. ఖరీదైన ఏ క్లాస్ ఐటెమ్‌లలో తేడాలు పుట్టిన వారంలోనే దొరకడం మొదలైంది. తర్వాత డ్యూటీ చార్టు దానికి తగ్గట్టు మార్చింది నేనే." ఇందులో నేను వాదించాననీ ఉంది, విన్నాననీ ఉంది. వాదన ముక్క తీసేసి చెబితే నమ్మరు. ఏమన్నా తలూపే మనిషి అనుకుంటారు, లేదా అబద్ధం అనుకుంటారు.

పిలుపు విషయంలో ఒక మాట. ఆ ఆఫీసులో పేరు పెట్టి పిలుచుకుంటారని తెలిస్తే పేరు పెట్టి, లేకపోతే సర్, మేడమ్. ఎంత చిన్నవాళ్ళయినా "మీరు" అనే. బాబూ, అమ్మాయ్, నాన్నా అన్నవి ఇంటి దగ్గర వదిలి వెళ్ళండి.

"ఓవర్ క్వాలిఫైడ్" అనే మాట ఇంకో తలనొప్పి. ఆ ముద్ర నేనూ వేశాను కాబట్టి చెబుతున్నాను, దానికింద కనీసం మూడుంటాయి: జీతం ఎక్కువ అడుగుతుందేమో, విసుగొచ్చి వెళ్ళిపోతుందేమో, నా కుర్చీకి ఎసరు పెడుతుందేమో. ఏదో తెలియకుండా జవాబు చెబితే చీకట్లో రాయి వేసినట్టే. అందుకే నేను నెమ్మదిగా అడిగేస్తాను: "ఈ పోస్టుకి నా అనుభవం ఎక్కడ ఇబ్బంది అవుతుందని మీకు అనిపిస్తోంది?" సగం మంది నిజం చెప్పేస్తారు. జీతం అంటే, "నా పాత జీతం పాత పోస్టుది. ఈ పోస్టుకి మీ బడ్జెట్ ఎంతో చెబితే కుదురుతుందో లేదో ఇప్పుడే చెప్పగలను" అనండి. "ఎంతిచ్చినా పర్లేదు" అని మాత్రం అనొద్దు. నేను ఒకచోట అన్నాను. వాళ్ళకి జాలి వేసింది తప్ప నమ్మకం కలగలేదు. విసుగు సంగతంటే, చిన్న పోస్టు ఎందుకు కావాలో నిజమైన కారణం చెప్పండి. నాది ఇది: "26 మంది సెలవులూ గొడవలూ చూసుకోవడం కంటే స్టాకు చూసుకోవడం నాకిష్టం." చెప్పగానే ఒకావిడ పగలబడి నవ్వింది. ఆవిడా అదే పనిలో ఉన్నట్టుంది.

"అయిదేళ్ళ తర్వాత ఎక్కడ ఉంటారు?" అని పాతికేళ్ళవాణ్ణి అడిగితే ఆశల గురించి. మనల్ని అడిగితే, రిటైర్‌మెంట్ ఎప్పుడని. "ఇంకా 8, 10 ఏళ్ళు పనిచేసే ఉద్దేశంతోనే వచ్చాను. నా మొత్తం సర్వీసులో కంపెనీలు రెండే" అని ముగిస్తాను. ఈ కాలం పిల్లలు నిలకడగా ఉండరు లాంటి మాట ఎత్తొద్దు. వయసు మీద వివక్ష వద్దని వెళ్ళి మనమే ఆ పని చేస్తే ఎలా?

"ఇక్కడ పని ఒత్తిడి ఎక్కువ" అంటే ఆరోగ్యం గురించన్నమాట. బీపీ రిపోర్టు విప్పక్కర్లేదు. ఆఖరుసారి సంవత్సరాంతం స్టాకు లెక్కింపులో రెండు రాత్రులు ఎలా నడిపించారో ఒక్క వాక్యంలో చెప్పి ముందుకి వెళ్ళిపోండి.

కొత్త టెక్నాలజీ ప్రశ్నకి "నేను త్వరగా నేర్చుకుంటాను" అన్న జవాబు దండగ. అందరూ అనేదే. గత ఆరు నెలల్లో నేర్చుకున్న ఒకదాని పేరు చెప్పి, అందులో ఎక్కడ ఇరుక్కున్నారో చెప్పండి. ఇరుక్కున్న చోటు చెప్పలేకపోతే నేర్చుకోలేదనే లెక్క. నేను ఖాళీగా ఉన్న నెలల్లో ఎక్సెల్‌లో పవర్ క్వెరీ నేర్చుకున్నాను. రెండు షీట్లు ఐటెమ్ కోడ్ మీద కలుపుతుంటే వందల లైన్లు కలవలేదు. సగం రోజు పోయింది. చూస్తే ఒక షీటులో 00417 అని ఉన్న కోడ్ ఇంకో షీటులో 417 అయి కూర్చుంది. కోడ్‌ని అంకెగా తీసుకుని ముందున్న సున్నాలు మింగేసింది. ఆ కాలమ్‌ని టెక్స్ట్‌గా మార్చి ఫైలు మళ్ళీ ఎక్కిస్తే అన్నీ కలిశాయి. ఇది ఎనిమిదో ఇంటర్వ్యూలో చెబితే ఐటీ కుర్రాడు "ఆ సున్నాలు నన్నూ ఏడిపించాయి మేడమ్" అన్నాడు. అక్కడినుంచి మాటలు వయసు వైపు వెళ్ళలేదు.

సూటిగా అడిగేస్తే

11లో రెండు చోట్ల "మీ వయసెంత?" అని నేరుగానే అడిగారు. చట్టం దేశాన్ని బట్టి ఉంటుంది. అమెరికాలో 1967 నాటి చట్టం 40 ఏళ్ళు, ఆపైన ఉన్నవాళ్ళకి రక్షణ ఇస్తుంది. వయసు అడగడమే నేరమని అది అనదు, ఆ కారణంగా ఉద్యోగం నిరాకరించకూడదంటుంది. యూరోపియన్ యూనియన్ 2000లో, ఉద్యోగాల్లో వయసు వివక్ష లేకుండా చట్టాలు చేయమని సభ్యదేశాలకి ఒక డైరెక్టివ్ (ఆదేశం) తెచ్చింది. బ్రిటన్‌లో 2010 సమానత్వ చట్టం చిన్నవయసు వాళ్ళకీ వర్తిస్తుంది. మీరుండే చోట ఏముందో ఇంటర్వ్యూకి ముందే చూసుకోండి. ఫిర్యాదు చేసే వీలుంటే, ఆ సాయంత్రమే తేదీ, మనిషి, అన్న మాట యథాతథంగా రాసి పెట్టుకోండి. వారం తర్వాత రాస్తే మన కోపం కూడా అందులో కలుస్తుంది.

గదిలో మాత్రం నేను చట్టం మాట్లాడలేదు. "52 అండి. ఈ పనిలో వయసు అడ్డొచ్చే పని ఏదైనా ఉంటే చెప్పండి, దానికి జవాబిస్తాను" అన్నాను. అంకె చెప్పి బంతి వాళ్ళ వైపు నెట్టడం అంతే. ఒకాయన తడబడి, నిచ్చెన ఎక్కి పై అరలు చూడాల్సి ఉంటుందన్నాడు. పోయిన ఏడాది దాకా వారానికి రెండుసార్లు ఎక్కానని చెప్పాను. అది నిజమే.

మనంతట మనం ఎత్తడం ఇంకా పెద్ద తప్పు. "ఈ వయసులో ఏంటా అనుకుంటున్నారేమో", "నాకు జుట్టు నెరిసింది కానీ బుర్ర నెరవలేదు" లాంటి జోకులు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు ఉంటుంది. వాళ్ళు అప్పటిదాకా ఆలోచించకపోయినా మొదలుపెడతారు.

పని చేసి చూపిస్తానని అడగండి

ఇప్పుడు మనకి కాస్త చేదు విషయం. ఫ్రాంక్ ష్మిట్, జాన్ హంటర్ అనే పరిశోధకులు 1998లో, ఉద్యోగుల ఎంపిక పద్ధతుల మీద 85 ఏళ్ళ పరిశోధనలని కూడగట్టి చూశారు. ఎన్నేళ్ళ అనుభవం ఉందన్నది, మనిషి రేపు పని ఎలా చేస్తాడో చెప్పడంలో బలహీనమైన కొలత అని తేలింది. పని నమూనా ఇచ్చి చేయించి చూడటం, అందరినీ ఒకే ప్రశ్నలు అడిగే పద్ధతైన ఇంటర్వ్యూ ఇంకా ఎంతో మెరుగని తేలింది. అంటే మనం నెత్తిన పెట్టుకుని మోస్తున్న ఆ 26 ఏళ్ళు అమ్ముడుపోయే సరుకు కాదు. వాటిలో నేర్చుకున్నదేదో చేసి చూపించాలి.

అందుకని పిలుపు వచ్చినప్పుడే హెచ్ఆర్‌ని ఒకటి అడిగేదాన్ని: "ఇంటర్వ్యూ ఎలా ఉంటుంది, టెస్టు ఏమైనా ఉందా?" టెస్టు ఉందంటే సంతోషం. ఊరికే కూర్చుని కబుర్లు చెప్పుకునే ఇంటర్వ్యూలో, తనలాంటి మనిషే నచ్చడం సహజం. ఆ గదిలో మనలాంటి మనిషి సాధారణంగా ఉండరు.

పదకొండో చోట టెస్టు లేదన్నారు. చివర్లో "ఏమైనా అడుగుతారా?" అంటే నేనే అడిగాను. "మీ స్టాకు షీటు ఒకటి, సప్లయర్ పేర్లూ ధరలూ తీసేసి ఇవ్వండి. అరగంటలో ఏం కనిపించిందో చెబుతాను." ఇద్దరూ మొహమొహాలు చూసుకున్నారు. ఇచ్చారు. 400 లైన్లు. అద్దాలు పెట్టుకున్నాను. ఇరవై నిమిషాలకి ఒకే బేరింగు రెండు కోడ్‌ల మీద ఉన్నట్టు కనిపించింది. ఒక కోడ్ కింద నెలల తరబడి కదలని స్టాకు, రెండో కోడ్ కింద సరుకు లేదని కొత్తగా ఆర్డరు. సైజు రాయడంలో ఒక గీత తేడా, అంతే. "ఇది ఒక్కటేనా ఇంకా ఉన్నాయా?" అన్నాడు పెద్దాయన. అంటే నాకంటే 18 ఏళ్ళు చిన్నవాడు, ఇప్పుడు మా బాస్. ఇంకా రెండు చూపించాను.

అన్ని చోట్లా ఒప్పుకోరు. గోప్యం అంటారు, టైం లేదంటారు. అలాంటప్పుడు "మొదటి మూడు నెలల్లో తెగాల్సిన సమస్య ఏమిటి?" అని అడిగి, వాళ్ళు చెప్పినదానికి ఎక్కడ మొదలుపెడతారో అక్కడే నాలుగు మాటల్లో చెప్పండి. ఇంటికి వచ్చి అదే సంగతి అయిదారు లైన్ల మెయిల్‌గా పంపండి.

మరి కొన్ని చోట్ల ఏం చేసినా ఏమీ జరగదు. ఒక ఆఫీసులో 8 నిమిషాల్లో ముగించి, "మాకు డిజిటల్ తరం వాళ్ళు కావాలండి" అన్నారు. ఇంటికి వచ్చే బస్సులోనే కూర్చుని దాన్ని నోట్‌బుక్‌లో ఒక లైను రాసి, పక్కన ఇంటూ పెట్టాను. నా జవాబులేవీ మార్చలేదు. ఎందుకంటే అక్కడ నా జవాబులు ఎవరూ వినలేదు. నోట్‌బుక్ పెట్టుకోండి, ఏ ప్రశ్న దగ్గర ఎదుటివాళ్ళ మొహం మారిందో రాసుకోండి. అదే ప్రశ్న మూడుచోట్ల తేడా చేస్తే మార్చుకోవలసింది మీ జవాబు. ఒక్కచోటే అయితే వదిలేయండి.

చేరి రెండు నెలలైంది. మొన్న డబుల్ కోడ్‌ల జాబితా పూర్తిచేసి బాస్ టేబుల్ మీద పెడుతూ, "సరే నాన్నా, చూడు" అనేశాను. నాలుక కరుచుకుని నిలబడ్డాను. ఆయన జాబితాలోంచి తల ఎత్తలేదు. "41వ లైను చూడండి మేడమ్, ఇది మూడు కోడ్‌ల మీద ఉన్నట్టుంది" అన్నాడు.